అరిసెల పాకం ముదిరితే... అదే టాఫీ!

పండగ సెలవులకు పిల్లలు ఇంటికొచ్చారు. డబ్బా తెరిస్తే అరిసెలున్నాయి, జంతికలున్నాయి. అయినా వాళ్ల చూపు వీధిచివర కొట్లోని చాక్లెట్ల సీసా మీదే! ఆ చాక్లెట్లేవో ఇంట్లోనే చేసేస్తే? పెద్ద కష్టమేం కాదు. కాస్త బెల్లం, గుప్పెడు గుళ్లు, పక్కన గిన్నెడు చన్నీళ్లు... అంతే!

సంక్రాంతి వారం ఉందనగానే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఏ ఇంటి ముందు నడిచినా పాకం వాసనే. పత్తి తీతలు ఓ కొలిక్కి వస్తుంటాయి. మిరప తోటల్లో తొలి కాయ ఎర్రబడుతుంటుంది. కళ్లాల్లో పని ముంచుకొచ్చేలోపు దొరికే ఈ నాలుగు రోజుల్లోనే పిండివంటలన్నీ అయిపోవాలి. బియ్యం నానబెట్టడం, తడిపిండి కొట్టించడం, జల్లించడం... ఇదంతా ఒక ఎత్తు. పాకం పట్టడం ఒక్కటే ఒక ఎత్తు.

అరిసెల పొయ్యి దగ్గర కూర్చున్న పెద్దావిడకు ఒక్కటే భయం... పాకం ముదిరిపోతుందేమోనని. ఒక్క నిమిషం ఏమరుపాటుగా ఉంటే చాలు, అరిసెలు రాళ్లలా వస్తాయి. తర్వాత ఏడాదంతా వాటి గురించే జోకులు! కానీ ఏ పాకమైతే అరిసెకు పనికిరాదని తల పట్టుకుంటామో, సరిగ్గా అక్కడే ఇంకో వంట మొదలవుతుంది. వేరుశనగ పట్టీ, తిరునాళ్ల జీళ్లు, వెన్న టాఫీ... అన్నీ ముదిరిన పాకం బిడ్డలే. అరిసెకు ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్లకు టాఫీకి ఎక్కడిదాకా వెళ్లాలో తెలుసుకోవడం ఐదు నిమిషాల పని.

ఖండ నుంచి క్యాండీ దాకా

టాఫీ, క్యాండీ అనగానే ఇంగ్లిషువాళ్ల సరుకు అనుకుంటాం. నిజానికి క్యాండీ అన్న మాట మూలం మన దగ్గరే ఉంది. సంస్కృతంలోని ‘ఖండ’ పర్షియన్, అరబ్బీ భాషల్లోకి వెళ్లి ‘కంద్’ అయింది. అక్కణ్నుంచి ఐరోపా చేరి క్యాండీగా మారింది. మనం కలకండ అంటాం చూడండి, అదీ ఆ కుటుంబంలోదే. ‘శర్కర’ కూడా ఇలాగే దేశాలు తిరిగి ‘షుగర్’ అయింది. టాఫీ అన్న మాట మాత్రం బ్రిటన్‌లో పుట్టింది. 19వ శతాబ్దం తొలినాళ్ల నుంచి అది వాడుకలో కనిపిస్తుంది. పంచదార, వెన్న కలిపి పాకం ముదరబెట్టి పళ్లెంలో పోస్తే టాఫీ. ఆ వెన్న బదులు గుళ్లో నువ్వులో పడితే మన పట్టీ. తేడా అంతే!

ఇక తెలుగువాళ్లకు టాఫీ అంటే గుర్తొచ్చే ఊరు చిత్తూరు. 1950ల్లో అక్కడ మొదలైన న్యూట్రిన్ కంపెనీ ‘మహా లాక్టో’ వంటి మిఠాయిలతో ఇంటింటికీ చేరింది. 2006లో దాన్ని గోద్రెజ్ సంస్థ కొనేసింది. బడి దగ్గర అర్ధరూపాయికి కొనుక్కున్న ఆ టాఫీ రుచి ఇప్పటి అమ్మానాన్నల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

సంక్రాంతికీ పాకానికీ ఉన్న చుట్టరికం మన ఒక్కళ్లదే కాదు. మహారాష్ట్రలో నువ్వులూ బెల్లం కలిపిన తిల్‌గుళ్ పంచుకుంటారు. కన్నడిగులు నువ్వులు, బెల్లం, వేరుశనగ గుళ్లు, కొబ్బరి ముక్కలు కలిపి ‘ఎళ్లు-బెల్ల’ అని ఇరుగుపొరుగుకు ఇస్తారు. పుణె దగ్గర లోనావలా చిక్కీకి పెట్టింది పేరు. తమిళనాడులోని కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయికైతే 2020లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చలికాలంలో నువ్వులు, గుళ్లు, బెల్లం తినడం దేశమంతటా ఉన్న అలవాటే.

అన్నీ మన చుట్టుపక్కలవే

పత్తి, మిరప పండే నల్లరేగడి నేలల్లో టాఫీకి సరుకెక్కడిదంటారా? కాస్త పక్కకు చూడండి. బాపట్ల, చీరాల వైపు ఇసుక నేలల్లో వేరుశనగ పండుతుంది. ఆ దారిలోనే ఉన్న వేటపాలెం జీడిపప్పుకు ప్రసిద్ధి. బెల్లం మాత్రం బయటి నుంచి రావాల్సిందే. బెల్లం మార్కెట్‌కు పేరుమోసిన అనకాపల్లి నుంచో, చిత్తూరు వైపు నుంచో వస్తుంది. ఇక కారానికి కొదవేముంది? గుంటూరు మిర్చి యార్డు మన ముంగిట్లోనే ఉంది. ‘టాఫీకి కారం ఏంటి?’ అని నవ్వకండి. ఆ ముచ్చటకూ వద్దాం.

బెల్లం కొనేటప్పుడు ఒక్కమాట. పచ్చగా, తెల్లగా మెరిసిపోయే బెల్లం చూసి మురిసిపోకండి. రంగు తేలడానికి హైడ్రోస్ వంటి రసాయనాలు ఎక్కువగా వాడిన బెల్లం అలా మెరిసే అవకాశం ఉంది. కాస్త ముదురు గోధుమ రంగులో ఉన్నది తీసుకోండి. నోట్లో వేసుకుంటే ఉప్పగా అనిపించకూడదు. ఇసుక, చెరకు పిప్పి ఉంటాయి కాబట్టి ముందుగా కొద్ది నీళ్లలో కరిగించి, వడకట్టి, ఆ తర్వాతే పాకం పెట్టాలి.

గుళ్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. మిరప రైతు కాయను గ్రేడు చేసేటప్పుడు తాలుకాయ ఏరి పక్కన పడేస్తాడు కదా! గుళ్లనూ అలాగే ఏరాలి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు ఛాయ ఉన్నవి, నమిలితే చేదుగా ఉన్నవి పారేయాల్సిందే. సరిగా ఆరని గింజల మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయానికి చేటు. వేయించినా పూర్తిగా పోదు. తీపిలో కలిపితే చేదు తెలియకుండా పోతుందే తప్ప విషం పోదు. కాబట్టి గుళ్లు ఏరే పని పిల్లలకు అప్పజెప్పండి. వాళ్లకు కాలక్షేపం, మీకు నిశ్చింత!

గిన్నెడు నీళ్లే థర్మామీటరు

పాకం అంటే పెద్ద రహస్యమేం కాదు. తీపినీళ్లు మరుగుతుంటే నీరు ఆవిరైపోతుంది. నీరు తగ్గేకొద్దీ పాకం వేడి పెరుగుతుంది. మామూలు నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగి అక్కడే ఆగిపోతాయి. పాకం అలా కాదు, 110, 120, 150 అంటూ ఎక్కుతూనే ఉంటుంది. ఎంత వేడెక్కితే చల్లారాక అంత గట్టిగా ఉంటుంది. విదేశాల్లో దీనికోసం ప్రత్యేకంగా క్యాండీ థర్మామీటరు వాడతారు. మన పెద్దవాళ్లు మాత్రం పక్కన గిన్నెడు చన్నీళ్లు పెట్టుకుంటారు. పాకం చుక్క అందులో వేసి వేళ్లతో పట్టుకుంటే చాలు, అది ఎక్కడున్నదీ చెప్పేస్తారు. వాళ్ల లెక్కకూ థర్మామీటరు లెక్కకూ పొంతన ఇలా ఉంటుంది.

తీగపాకం: రెండు వేళ్ల మధ్య పెట్టి లాగితే సన్నటి తీగ సాగుతుంది. దాదాపు 106 నుంచి 112 డిగ్రీలు. బూందీ లడ్డూ వంటి వాటికి సరిపోతుంది.

ఉండపాకం: నీళ్లలో వేసిన చుక్కను వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండవుతుంది. 112 నుంచి 116 డిగ్రీలు. ఇప్పటికి పాకంలో నీరు దాదాపు 15 శాతానికి వచ్చేస్తుంది. అరిసెలు, కొబ్బరి లౌజు ఈ చుట్టుపక్కలే.

గట్టి ఉండపాకం: ఉండ నొక్కినా రూపం మారదు, కానీ నమిలితే సాగుతుంది. 121 నుంచి 130 డిగ్రీలు. నమిలే టాఫీలు, లాగి చేసే జీళ్లు ఈ మెట్టు దగ్గర, దీనికి కాస్త పైన.

ముదురుపాకం: నీళ్లలో వేసిన చుక్క గాజుపెంకులా గట్టిపడుతుంది. విరిస్తే టక్కున విరుగుతుంది. పళ్లెం మీద వేస్తే ఖంగుమంటుంది. 146 నుంచి 154 డిగ్రీలు. ఇక్కడ నీరు ఒక్క శాతం మాత్రమే మిగులుతుంది. పట్టీ, వెన్న టాఫీ చోటిదే. బెల్లం మాత్రం త్వరగా మాడుతుంది. కాబట్టి చుక్క టక్కుమని విరగ్గానే ఇంకేమీ ఆలోచించకుండా పొయ్యి కట్టేయాలి.

ఒక చిన్న కిటుకు. చుక్క చూసేటప్పుడు పొయ్యి మంట పూర్తిగా తగ్గించండి. లేదంటే మీరు చూస్తుండగానే పాకం తర్వాతి మెట్టు ఎక్కేస్తుంది. ప్రతిసారీ కొత్త చన్నీళ్లు వాడండి. వెచ్చబడిన నీళ్లలో చుక్క అబద్ధం చెబుతుంది!

వేరుశనగ పట్టీ

కావాల్సినవి: వేరుశనగ గుళ్లు పావు కిలో, బెల్లం 200 గ్రాములు, నీళ్లు మూడు పెద్ద చెంచాలు, నెయ్యి ఒక టీస్పూను, యాలకుల పొడి కొద్దిగా, చిటికెడు ఉప్పు.

గుళ్లను సన్నటి సెగ మీద దోరగా వేయించాలి. తొందరపడి మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. చల్లారాక అరచేతులతో నలిపి, చేటలో చెరిగి పొట్టు తీసేయాలి. బద్దలుగా విడిపోతే ఇంకా మంచిది, పట్టీ పల్చగా వస్తుంది. పాకం మొదలుపెట్టకముందే స్టీలు పళ్లేనికి, అప్పడాల కర్రకు నెయ్యి రాసి సిద్ధంగా పెట్టుకోవాలి. పాకం వచ్చాక వెతుక్కునే టైముండదు మరి.

బెల్లాన్ని నీళ్లలో కరిగించి వడకట్టి, అడుగు మందంగా ఉన్న మూకుడులో పోసి మధ్యస్థంగా మంట పెట్టండి. మొదట పెద్ద పెద్ద నురగ వస్తుంది. తర్వాత బుడగలు చిన్నవై, పాకం చిక్కబడి, రంగు మారుతుంది. అప్పటి నుంచి అర నిమిషానికోసారి చుక్క వేసి చూడాలి. చుక్క టక్కున విరిగితే నెయ్యి, ఉప్పు, యాలకుల పొడి వేసి పొయ్యి కట్టేయండి. వెంటనే గుళ్లు పోసి రెండు మూడు తిప్పులు తిప్పి, పళ్లెంలో కుమ్మరించి, కర్రతో ఒత్తేయండి. వేడి మీదే చాకుతో గాట్లు పెడితే చల్లారాక గాట్ల వెంబడి చక్కగా విరుగుతుంది. గుళ్ల బదులు వేయించిన నువ్వులు, పుట్నాల పప్పు, మరమరాలు... ఏవైనా సరే.

వేటపాలెం జీడిపప్పు టాఫీ

కావాల్సినవి: పంచదార 200 గ్రాములు, వెన్న 100 గ్రాములు, నీళ్లు మూడు పెద్ద చెంచాలు, నిమ్మరసం అర టీస్పూను, చిటికెడు ఉప్పు, దోరగా వేయించి పలుకులు చేసిన జీడిపప్పు గుప్పెడు.

ఇంట్లో చిలికిన వెన్నయితే రెండు మూడుసార్లు చన్నీళ్లతో కడగండి. మజ్జిగ మిగిలితే అడుగంటి మాడుతుంది. పంచదార, నీళ్లు, నిమ్మరసం కలిపి సన్నటి సెగ మీద పంచదార పూర్తిగా కరిగేదాకా ఉంచాలి. కరిగాక వెన్న, ఉప్పు వేసి మంట కాస్త పెంచండి. మధ్యమధ్యలో నెమ్మదిగా కలుపుతుంటే చాలు. పావుగంట అటూఇటూగా మిశ్రమం తేనె రంగుకు వస్తుంది. వెన్నలోని పాల పదార్థం వేగిన కమ్మటి వాసన ఇల్లంతా కమ్ముకుంటుంది. చుక్క టక్కున విరిగితే జీడిపప్పు వేసి, నెయ్యి రాసిన పళ్లెంలో పోసేయండి. కాస్త ఆరాక గాట్లు పెట్టి, పూర్తిగా చల్లారాక విరిచి, బటర్ పేపరు ముక్కల్లో చుట్టండి. రెండు చివర్లూ మెలిపెట్టారంటే అచ్చం కొట్లో టాఫీయే!

నిమ్మరసం ఎందుకంటే... పంచదార పాకానికి ఒక దుర్గుణం ఉంది. చల్లారేటప్పుడు మళ్లీ పలుకులు కట్టేస్తుంది. నిమ్మరసంలోని పులుపు కొంత పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. అవి ఉంటే పలుకు కట్టదు. బెల్లంలో ఇవి సహజంగానే కొంత ఉంటాయి. అందుకే పట్టీకి ఈ బెడద తక్కువ.

కొబ్బరి లౌజు

పళ్లు లేని తాతయ్యలకు, గట్టివి నమలలేని వాళ్లకు ఇది సరైనది. రెండు కప్పుల పచ్చి కొబ్బరి తురుముకు ఒక కప్పు బెల్లం తురుము చాలు. కరిగించి వడకట్టిన బెల్లం తీగపాకానికి రాగానే కొబ్బరి వేసి, చెమ్మ ఆరి దగ్గరపడేదాకా కలుపుతూ ఉండాలి. కొద్దిగా తీసి చేత్తో చుడితే ఉండ నిలబడాలి. నెయ్యి, యాలకుల పొడి వేసి దించి ఉండలు చుట్టుకోవడమే. పచ్చి కొబ్బరి కాబట్టి రెండు మూడు రోజుల్లో తినేయాలి.

పొయ్యి అక్కర్లేని చింతపండు పుల్ల

ఇందాక కారం అన్నాం కదా, ఇదే ఆ ముచ్చట. మన పల్లెల్లో పిల్లలు తరతరాలుగా చేసుకున్న లాలీపాప్ ఇది. వేసవిలో రోలు ఖాళీగా కనిపిస్తే చాలు, కొత్త చింతపండు, ఉప్పు, కారం, బెల్లం వేసి దంచి, చీపురు పుల్లకు గుచ్చుకుని చప్పరించేవాళ్లు. నోరు పొక్కినా వదిలేవాళ్లు కాదు!

గింజలు, ఈనెలు తీసిన చింతపండు 100 గ్రాములు, బెల్లం 150 గ్రాములు, వేయించిన జీలకర్ర పొడి ఒక టీస్పూను, ఉప్పు అర టీస్పూను, మిరపపొడి పావు టీస్పూను... ఇంతే. నీళ్లు తగలకుండా రోట్లో దంచినా, మిక్సీలో తిప్పినా సరే. ముద్ద అయ్యాక చిన్న ఉండలు చేసి, చీపురు పుల్లకు బదులు శుభ్రమైన ఐస్‌క్రీమ్ పుల్లలకు పెట్టండి. నిప్పుతో పనిలేదు కాబట్టి పిల్లలే స్వయంగా చేసుకోవచ్చు. కారం చేతులతో కళ్లు నులుముకోకుండా చూసుకుంటే చాలు. రోట్లోనే అయిపోయే ఇంకో తీపి చిమ్మిలి. నువ్వులు, బెల్లం కలిపి దంచి ఉండలు కట్టడమే. దానికీ పాకంతో పనిలేదు.

మరి జీళ్ల సంగతేంటి?

తిరునాళ్లకు వెళ్లి జీళ్లు కొనకుండా వచ్చే పిల్లలుంటారా? వాటి తయారీ చూడ్డమే ఒక వేడుక. గట్టి పాకాన్ని కాస్త చల్లార్చి, కొక్కేనికో మేకుకో తగిలించి, లాగి మడిచి, మళ్లీ లాగి మళ్లీ మడుస్తారు. లాగేకొద్దీ ముదురు రంగు ముద్ద కాస్తా బంగారు రంగులోకి, ఆపైన తెల్లగా మారిపోతుంది. ఇందులో ఏ రంగూ కలపలేదు. మడిచిన ప్రతిసారీ లోపలికి గాలి చేరుతుంది. ఆ సన్నటి గాలి బుడగలే తెల్లగా కనిపిస్తాయి. నోట్లో వేసుకోగానే గుల్లగా అనిపించేదీ అందుకే. ఇంగ్లండు, అమెరికాల్లో లాగి చేసే టాఫీల కిటుకూ ఇదే. అయితే వేడి ముద్దను చేతుల్తో పట్టుకోవడం అలవాటున్న వాళ్ల పని. ఇంట్లో సరదాకు చేయాలంటే చిన్న ముద్దతో, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక, నెయ్యి రాసుకున్న చేతులతో పెద్దవాళ్లే ప్రయత్నించాలి.

చెడిపోయిందా? కంగారొద్దు

పట్టీ విరగకుండా సాగుతోందంటే పాకం చాల్లేదని అర్థం. తర్వాతిసారి చుక్క టక్కున విరిగేదాకా ఆగండి. ఈ పూటకు దాన్ని ఉండలు చుట్టేయండి. చేదు తగిలితే మాడిందని అర్థం. దానికి మాత్రం మందు లేదు. వెన్న టాఫీలో నూనె తేలిపోతే మంట ఒక్కసారిగా పెంచి ఉంటారు. ఒక చెంచా వేడినీళ్లు జాగ్రత్తగా వేసి, సన్నటి సెగ మీద కలిపితే చాలాసార్లు మళ్లీ కలిసిపోతుంది. నీళ్లు పడగానే పాకం చిటపటమంటుంది, ముఖం దూరంగా పెట్టుకోండి. మర్నాటికి టాఫీలు అంటుకుపోతున్నాయా? గాలిలో చెమ్మ పీల్చుకున్నాయన్నమాట. చల్లారిన వెంటనే మూత గట్టిగా ఉన్న డబ్బాలో సర్దాలి. సంక్రాంతి రోజుల్లో చలిగాలి పొడిగా ఉంటుంది కాబట్టి పట్టీ కరకరలాడుతూ నిలుస్తుంది. అదే వానాకాలంలో అయితే ఎంత బాగా చేసినా రెండ్రోజులకే మెత్తబడిపోతుంది.

ముందు చెయ్యి భద్రం

ఇది మాత్రం తప్పక చదవండి. మరిగే నీళ్లకన్నా ముదురుపాకం 50 డిగ్రీలు ఎక్కువ వేడి. పైగా చర్మానికి అంటుకుపోతుంది, దులిపితే పోదు. అందుకే పొయ్యి దగ్గర పాకం పని పెద్దవాళ్లదే. పిల్లలు ఏరడం, దంచడం, గాట్లు పెట్టిన పట్టీ చల్లారాక విరవడం, కాగితాలు చుట్టడం వరకే. పాకం పొయ్యి మీద ఉన్నంతసేపూ పసిపిల్లల్ని చంకనెత్తుకోవద్దు. ఫోనొచ్చినా తీయొద్దు. నైలాన్ చీర, వేలాడే చున్నీ బదులు నూలు బట్టలు కట్టుకోండి. పత్తి పండించే జిల్లాలవాళ్లకు ఈ మాట వేరే చెప్పాలా!

ఒకవేళ పాకం మీద పడితే వెంటనే ఆ చోటును కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి. అంటుకున్న పాకాన్ని గోళ్లతో లాగకూడదు, నీటి ధారకే కరిగిపోనివ్వాలి. టూత్‌పేస్టు, సిరా, వెన్న, ఐసుముక్కలు... ఏవీ పెట్టొద్దు. తర్వాత శుభ్రమైన బట్ట వదులుగా కప్పి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. పిల్లలకు తగిలినా, ముఖం, చేతుల మీద పడినా, బొబ్బ పెద్దదైనా అసలు ఆలస్యం చేయొద్దు.

ఇంకో సంగతి. ఈమధ్య భోగిపళ్లలో రేగుపళ్లు, చెరకు ముక్కలు, చిల్లర నాణేలతో పాటు చాక్లెట్లూ కలుపుతున్నారు. ముచ్చటగానే ఉంటుంది. కానీ నాలుగేళ్లలోపు పిల్లలకు గట్టి మిఠాయి, పలుకులుగా ఉన్న గుళ్లు గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది. వాళ్లకు మెత్తటి లౌజు చాలు. భోగిపళ్లు పోశాక కింద పడ్డవన్నీ వెంటనే ఏరేయండి. పక్కింటి పిల్లలకు పెట్టేముందు వేరుశనగ పడుతుందో లేదో అడగండి. కొందరికి అది ఎలర్జీ. ఇంట్లో షుగరున్న పెద్దవాళ్లు ‘బెల్లమే కదా’ అని చెయ్యి పెట్టబోతే ఆపండి. రక్తంలో చక్కెర పెంచడంలో బెల్లం పంచదారకేమీ తీసిపోదు.

అమ్మమ్మ దగ్గర నేర్చుకోవాల్సింది

పండగ అరిసెలు మిఠాయి కొట్లోంచి కిలోల లెక్కన తెచ్చుకునే ఇళ్లు ఏటేటా పెరుగుతున్నాయి. తప్పేం లేదు, తీరిక ఉండద్దూ! కానీ ‘ఎందుకు చేయరు?’ అని కోడళ్లను, కూతుళ్లను అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే... ‘పాకం కుదరదేమోనని భయం’. ఆ భయంలో అర్థముంది. ఐదు కిలోల పిండి పట్టించుకుని కూర్చున్నాక పాకం బెడిసికొడితే అంతా వృథా. పిండి కలిపాక వెనక్కి తీసుకోలేం.

టాఫీ అలా కాదు. పెట్టేది 200 గ్రాముల బెల్లమో, పంచదారో. చుక్క మెత్తగా ఉంటే ఇంకో నిమిషం ఉంచొచ్చు. మాడితే ఆ కాస్తే పోతుంది. ఒకే మూకుడులో తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం వరసగా కళ్లముందే కనిపిస్తాయి. ప్రతి మెట్టు దగ్గరా ఒక చుక్క నీళ్లలో వేసి, వేళ్లతో పట్టుకుని చూస్తే ఆ తేడా చేతికి తెలిసిపోతుంది. పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా రాని విద్య అది. ముందు పట్టీతో చెయ్యి తిప్పుకుంటే మరుసటి ఏడాదికి అరిసెల పాకానికి భయం పోతుంది.

అందుకే ఈసారి అమ్మమ్మో నానమ్మో అరిసెల పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు పక్కన ఓ చిన్న పీట వేసుకోండి. ‘పాకం వచ్చింది’ అని ఆవిడ అనగానే మీరూ ఓ చుక్క పట్టుకుని చూడండి. అరిసెల పాకం దించేముందు ఓ రెండు గరిటెలు వేరే గిన్నెలోకి తీసి, పక్క పొయ్యి మీద మరో నాలుగు నిమిషాలు ఉంచమని అడగండి. పెద్దవాళ్లకు అరిసెలు, పిల్లలకు పట్టీ... ఒక్క పాకంతోనే రెండూ అయిపోతాయి. గుళ్లు మాత్రం ముందే వేయించి, ఏరి ఉంచుకోండేం!